గ్లాసు అడుగున ఎవరి పేరు ఉండాలి? ఫిన్లాండ్ డిజైనర్ కాయ్ ఫ్రాంక్ వేసిన ప్రశ్న

మా ఇంట్లో ఒక పాత స్టీలు చెంబు ఉంది. మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా మా అమ్మమ్మ పేరు, ఇంటిపేరుతో సహా కొట్టి ఉంటుంది. పెళ్లిళ్లకీ వ్రతాలకీ చుట్టుపక్కల వాళ్లు పట్టుకెళ్లినప్పుడు వేరేవాళ్ల సామానులో కలిసిపోకూడదని కొట్టించిన పేరు అది. ఆ చెంబుకి అలాంటి పొట్ట, అలాంటి మెడ, తడి చేత్తో పట్టుకున్నా జారని ఆ అంచు ఎవరి ఆలోచనో మాత్రం ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా. మనకి సామాను మీద పేరంటే వాడుకునేవాళ్లది, లేదంటే కానుకగా చదివించినవాళ్లది.

ఫిన్లాండ్‌లో లెక్క వేరు. అక్కడ మామూలు నీళ్ల గ్లాసుని కూడా "ఇది ఫ్రాంక్‌ది, అది తోయిక్కాది, ఇదిగో ఇది ఆల్టోది" అని గీసినవాళ్ల పేరుతో చెప్పుకుంటారు. 2024 ఫిబ్రవరిలో ఈట్టాలా అనే గాజు కంపెనీ తన పాత గుర్తుని మార్చేసినప్పుడు అక్కడ పెద్ద గొడవే అయింది. ఎర్రటి గుండ్రంలో తెల్లటి 'ఐ' అక్షరం ఉండే ఆ గుర్తుని 1956లో తీమో సర్పనేవా అనే డిజైనర్ గీశారు, దాన్ని తీసేస్తారా అని జనం బాధపడ్డారు. గ్లాసు మారలేదు, దాని మీద అంటించే గుర్తు మారింది, అంతే. అయినా అంత వాదన ఎందుకంటే, ఆ దేశంలో గాజు సామానుకీ పేరుకీ ఉన్న ముడి అంత గట్టిది.

ఆ ముడిని విప్పేద్దామని 1960లలోనే ఒకాయన గట్టిగా వాదించారు. రోజూ వాడే సామాను మీద డిజైనర్ పేరు వద్దన్నారు. బయటి నుంచి విమర్శించే మనిషి కాదాయన, అప్పటికే ఫిన్లాండ్‌లో పెద్ద పేరున్న డిజైనర్లలో ఒకరు. పేరు కాయ్ ఫ్రాంక్. ఆయన చెప్పింది ఏంటి, ఎందుకు చెప్పారు, కాదన్నవాళ్ల వాదనలో బలం ఎంత అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం. గాజు గురించి తెలియకపోతే ఈ వాదన సగమే అర్థమవుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక గ్లాసులో ఎంతమంది చేతులుంటాయి

గాజు అంటే ప్రధానంగా ఇసుక. దానికి త్వరగా కరగడానికి సోడా, గట్టిదనానికి సున్నం కలిపి కొలిమిలో వెయ్యి డిగ్రీలు బాగా దాటించి కరిగిస్తారు. రంగు కావాలంటే లోహాల ఆక్సైడ్లు వేస్తారు, కోబాల్ట్ వేస్తే నీలం, ఇనుము వేస్తే ఆకుపచ్చ, మాంగనీస్ వేస్తే ఊదా. ఈ పాళ్లు చూసే మనిషి ఒకరు. ఆయన లెక్క కొంచెం తప్పితే ఆ రోజు కొలిమిలో ఉన్న సరుకంతా వేరే రంగుకి వెళ్లిపోతుంది.

తర్వాత ఊదేవాళ్లు. పొడవాటి ఇనప గొట్టం కొసని కరిగిన గాజులో ముంచి తిప్పితే, గరిటెకి పాకం చుట్టుకున్నట్టు గాజు చుట్టుకుంటుంది. గొట్టం తిప్పడం ఒక్క క్షణం ఆపినా ముద్ద ఒక పక్కకి జారిపోతుంది. అందుకే తిప్పుతూనే ఊదుతారు, తిప్పుతూనే నడుస్తారు, తిప్పుతూనే పక్కవాడికి అందిస్తారు. గ్లాసుల్లాంటివాటికి ఆ ముద్దని అచ్చులో పెట్టి ఊదుతారు. తడిపిన చెక్క అచ్చయితే వేడికి నీళ్లు ఆవిరై గాజుకీ చెక్కకీ మధ్య పలచని పొర కడతాయి, ఆ ఆవిరి పొర మీద గాజు తిరుగుతుంది కాబట్టి గీత పడదు. ఆ తర్వాత మెల్లగా చల్లార్చే కొలిమిలో పెట్టాలి, గబుక్కున చల్లారితే గాజు లోపల బిగువు మిగిలిపోయి ఎప్పుడో పగులుతుంది. చివరికి గొట్టం వైపున్న భాగాన్ని కోసి, అంచుని నున్నగా అరగదీసి, మంట చూపించి, పెదవికి తగిలేలా మెత్తన చేస్తారు.

ఇంకో పద్ధతి ప్రెస్ గాజు. ఇనప అచ్చులో గాజు ముద్ద వేసి పైనుంచి ఇంకో ఇనప ముక్కతో నొక్కడం. ఇది చవక, వేగం కూడా ఎక్కువ. ఇబ్బంది ఏంటంటే అచ్చు రెండు భాగాలు కలిసే చోట గాజు మీద సన్నటి గీత పడుతుంది. 1964లో ఒయివా తోయిక్కా గీసిన 'కస్తేహెల్మి' పళ్లేలు చూస్తే, మధ్య నుంచి అంచు దాకా మంచు బిందువుల్లాంటి బొడిపెలు వరసలుగా ఉంటాయి. చూడ్డానికి అలంకారం, పేరుకి అర్థం కూడా మంచు బిందువులనే, కానీ అవి పుట్టింది అచ్చు గీతల్ని కప్పడానికి. డిజైన్ అంటే కాగితం మీద బొమ్మ గీయడం ఒక్కటే కాదని చెప్పడానికి నాకు దీనికన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

మొత్తానికి ఒక గ్లాసులో గీసినవాళ్లు, అచ్చు చేసినవాళ్లు, రంగు కలిపినవాళ్లు, ఊదినవాళ్లు, అంచు నున్నగా చేసినవాళ్లు, వీళ్లందరికీ జీతమిచ్చిన ఫ్యాక్టరీ ఉంటారు. దుకాణంలో చీటీ మీద పట్టేది మాత్రం ఒకటో రెండో పేర్లు. ఫ్రాంక్ వాదన మొదలయ్యేది ఇక్కడే.

వీపురిలో పుట్టి, ఆ ఊరే పోగొట్టుకున్న మనిషి

కాయ్ ఫ్రాంక్ 1911 నవంబర్ 9న వీపురిలో పుట్టారు. అప్పటికి ఫిన్లాండ్ రష్యా జారు చక్రవర్తి కింద ఉండేది, స్వాతంత్ర్యం 1917లో వచ్చింది. ఆయనది స్వీడిష్ మాట్లాడే కుటుంబం, తల్లి వైపు తాతగారు యాక్ ఆరెన్‌బెర్గ్ పేరున్న ఆర్కిటెక్ట్. ఫ్రాంక్ హెల్సింకిలో ఫర్నిచర్ డిజైన్ చదివి 1932లో బయటికొచ్చారు. వచ్చీ రాగానే గాజులోకి ఏం దిగలేదు, కొన్నాళ్లు ఉన్ని మిల్లుకి బట్టల డిజైన్లు కూడా వేశారు.

తర్వాత యుద్ధం. 1939 నుంచి 1944 వరకు మధ్యలో కొద్ది విరామంతో ఫిన్లాండ్ సోవియట్ యూనియన్‌తో పోరాడింది, ఓడింది. కరేలియా ప్రాంతంలో చాలా భాగం పోయింది, అందులో వీపురి కూడా ఉంది. అది ఇప్పుడు రష్యాలో వీబోర్గ్. నాలుగు లక్షలకి పైగా జనం ఇళ్లూ పొలాలూ వదిలేసి మిగిలిన ఫిన్లాండ్‌లోకి వచ్చారు. దేశం జనాభానే అప్పటికి నలభై లక్షల లోపు, అంటే ప్రతి పదిమందిలో ఒకరు కట్టుబట్టలతో వచ్చినవాళ్లు. దీనికి తోడు 30 కోట్ల డాలర్ల యుద్ధ పరిహారం, ఎక్కువగా ఓడలూ యంత్రాల రూపంలో, 1952 దాకా కడుతూనే ఉన్నారు.

ఆ పరిస్థితుల్లో, 1945లో, ఫ్రాంక్ హెల్సింకిలోని అరబియా పింగాణీ ఫ్యాక్టరీలో చేరారు. రోజువారీ సామాను డిజైన్ చూసుకోవడం ఆయన పని. చిన్న చిన్న గదుల్లో, పొయ్యి ఒకటి, బీరువా ఒకటి, మనుషులు నలుగురైదుగురు. వాళ్లకి ఎలాంటి పళ్లెం, ఎలాంటి గ్లాసు కావాలి?

డిన్నర్ సెట్టుని పగలగొట్టడం అంటే

మన స్టీలు సామాను కొట్టులో కావలసిన గిన్నె కావలసినప్పుడు తూకానికి కొనుక్కునే అలవాటున్నవాళ్లకి ఇందులో వింతేముంది అనిపిస్తుంది, కానీ ఐరోపాలో అప్పటి పద్ధతి డిన్నర్ సెట్టు. పెళ్లికి పన్నెండు మందికి సరిపడా ఒకే పువ్వుల డిజైన్‌తో కొనేవాళ్లు. లెక్క వేసి చూద్దాం. మనిషికి సూప్ పళ్లెం, భోజనం పళ్లెం, తీపి పళ్లెం, కప్పు, సాసరు అనుకుంటే ఐదు. పన్నెండు మందికి అరవై. సూప్ వడ్డించే పెద్ద గిన్నె, మూత గిన్నెలు, పొడవాటి ట్రేలు కలిపితే డెబ్బై దాటుతుంది. అవన్నీ పెట్టుకోవడానికి ఒక అద్దాల బీరువా. అందులో ఒక పళ్లెం పగిలితే సెట్టే పోయినట్టు, అదే డిజైన్ మళ్లీ దొరకదు. రోజూ వాడరు కాబట్టి వాడుకకి వేరే గిన్నెలు.

ఫ్రాంక్ ఈ సెట్టునే పగలగొట్టాలన్నారు. ఆయన జవాబు 'కిల్టా', 1953లో బజారులోకి వచ్చింది. ఆ మాటకి అర్థం వృత్తి సంఘం. గుండ్రం, చదరం, దీర్ఘచతురస్రం, ఇంతే ఆకారాలు. పువ్వుల్లేవు, బంగారు అంచు లేదు, ఒక్కోటి ఒక్కో నిండు రంగు. ఒక్కొక్కటే కొనుక్కోవచ్చు, రంగులు కలుపుకోవచ్చు, ఒకదాంట్లో ఒకటి పేర్చుకోవచ్చు. వండిన గిన్నెలోనే వడ్డించి, మిగిలింది అందులోనే దాచుకోవచ్చు. అదే నలుగురి కుటుంబానికి ఇప్పుడు లెక్క: మనిషికి ఒక పళ్లెం, ఒక గిన్నె, ఒక కప్పు, అంటే పన్నెండు. వడ్డనకి నాలుగు. పదహారు వస్తువులు ఒక అరలో పడతాయి, ఒకటి పగిలితే ఆ ఒక్కటే కొంటే చాలు.

ఇందులో ఒక చిన్న వస్తువు దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఫిన్లాండ్ ఇళ్లలో చలికి కిటికీలకి రెండు వరసల అద్దాలుండేవి. ఫ్రిజ్ లేని రోజుల్లో ఆ రెండు అద్దాల మధ్య ఖాళీయే ఫ్రిజ్. పాలు, వెన్న అక్కడ పెట్టేవాళ్లు. కిల్టాలో పాలమీగడ పోసుకునే చిన్న జగ్గుని ఆ సందులో పట్టేలా సన్నగా చేశారు. ఎవరో ఒకావిడ పొద్దున్నే లోపలి అద్దం తెరిచి, మంచు పట్టిన బయటి అద్దానికి చెయ్యి తగలకుండా ఆ జగ్గు తీసి, కాఫీలో మీగడ పోసుకోవడం, ఇదంతా కళ్లముందు కనబడితే తప్ప అలాంటి కొలత తట్టదు. ఆ జగ్గుని చూసి కొత్తగా ఉందనో అందంగా ఉందనో అనేకన్నా, మా కిటికీలో పడుతుందని కొనుక్కోవడమే దానికి దక్కిన పెద్ద మెప్పు.

పువ్వుల అంచు లేని పళ్లెం అందరికీ వెంటనే నచ్చలేదు. కానీ నెమ్మదిగా ఇంటింటికీ చేరింది, 1970ల మధ్య దాకా తయారైంది. 1981లో దాన్నే ఇంకా గట్టి మట్టితో, ఓవెన్‌కీ గిన్నెలు కడిగే మెషీన్‌కీ తట్టుకునేలా, కొన్ని కొలతలు మార్చి 'టీమా' పేరుతో మళ్లీ తెచ్చారు. అది ఇవాళ్టికీ అమ్ముతున్నారు.

నూతయార్వి కొలిమి దగ్గర పాతికేళ్లు

అరబియాని అప్పటికే వార్ట్‌సిలా అనే పెద్ద కంపెనీ కొనేసింది. యుద్ధ పరిహారానికి ఓడలు కట్టినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. 1950లో ఆ కంపెనీ నూతయార్వి గాజు ఫ్యాక్టరీని కూడా కొన్నది. 1793లో ఉర్యాలా దగ్గర ఒక పల్లెలో మొదలైన ఈ కొలిమి, అప్పట్లో ఫిన్లాండ్‌లో నడుస్తున్న గాజు ఫ్యాక్టరీల్లో అన్నిటికన్నా పాతది. ఫ్రాంక్‌ని అక్కడ కళా విభాగానికి పెద్దగా పెట్టారు, 1976 దాకా ఆ బాధ్యత ఆయనదే.

గాజులో కూడా ఆయన తీరు అదే. గ్లాసుకి చెక్కుడు పనితనం వద్దు, రంగే అలంకారం. 1958 నాటి ఆయన గ్లాసు ఒకటుంది, కింద సన్నం, పైన వెడల్పు, వంకరలేని గోడ, అడుగు కాస్త మందం. ఇంకేం లేదు. ఇవాళ దాన్ని 'కార్టియో' అంటారు, ఫిన్నిష్‌లో శంకువు అని అర్థం. అప్పట్లో అలాంటి గ్లాసులకి పేర్లే ఉండేవి కావు, క్యాటలాగులో ఒక నంబరు, అంతే. కార్టియో అన్న పేరు చాలా ఏళ్ల తర్వాత పెట్టింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అదే కొలిమి దగ్గర ఆయన ఇంకో రకం పని కూడా చేశారు. 1957లో 'క్రెమ్లిన్ గంటలు' అని ఒక సీసా జత గీశారు. ఒక సీసా మీద ఇంకో సీసా కూర్చుంటుంది, పై సీసాయే కింది దానికి మూత, పైదానికి మళ్లీ చిన్న మూత, రెండిటికీ రెండు రంగులు. నిలబెడితే రష్యా చర్చి గోపురంలా ఉంటుంది. సబ్బు బుడగంత పల్చగా ఊదించిన పాత్రలు, కాడ ఒక రంగు గిన్నె ఒక రంగుగా అతికిన పొడవాటి గోబ్లెట్లు కూడా చేయించారు. రెండు రంగుల గాజు అతకడం చూసినంత తేలిక కాదు. ఒక్కో రంగు గాజు చల్లారేటప్పుడు ఒక్కోలా ముడుచుకుంటుంది, ఆ తేడా ఎక్కువైతే అతుకు దగ్గరే పగుళ్లొస్తాయి. రంగు కలిపేవాళ్లూ ఊదేవాళ్లూ పక్కన లేకపోతే ఫ్రాంక్ గీత కాగితం మీదే ఉండిపోయేది.

బహుమతులు కూడా వరసగా వచ్చాయి. 1955లో లన్నింగ్ ప్రైజ్, 1957లో ఇటలీ వాళ్ల కంపాస్సో దోరో. ఆయన పేరు ప్రపంచం అంతా తిరుగుతున్న రోజులవి.

"పేరు తీసేయండి" అన్న వాదన

1950లలో ఫిన్లాండ్ తన గాజుని ప్రపంచానికి అమ్మింది డిజైనర్ల పేర్లతోనే. 1951 మిలాన్ ట్రియెన్నాలే ప్రదర్శనలో తాపియో విర్కాలా ఒక్కరే మూడు గ్రాండ్ ప్రి బహుమతులు కొట్టారు. ఓడిపోయి, పరిహారం కడుతున్న చిన్న దేశానికి అది చాలా పెద్ద ఊరట. పత్రికల్లో డిజైనర్ల ఫోటోలు సినిమా తారల్లా వచ్చాయి, ప్రకటనల్లో గ్లాసు కన్నా ముందు పేరు.

ఫ్రాంక్‌కి ఇది నచ్చలేదు. 1960లలో ఆయన చెప్పినదాన్ని మామూలు మాటల్లో పెడితే రెండు విషయాలు. ఒకటి, రోజువారీ వస్తువు చాలామంది కలిసి చేసేది, దాని మీద ఒక్కరి పేరు రాస్తే నిజంలో కొంతే చెప్పినట్టు. రెండు, పేరు అమ్ముడుపోవడం మొదలైతే కొనేవాళ్ల చూపు వస్తువు నుంచి పక్కకి పోతుంది. ఈ గ్లాసు నా చేతిలో ఇముడుతుందా, నా అరలో పడుతుందా, పగిలితే మళ్లీ దొరుకుతుందా అని అడగాల్సిన మనిషి, ఇది ఎవరిది అని అడుగుతారు. కళాఖండం వేరు, దానికి సంతకం ఉండొచ్చు. నీళ్లు తాగే గ్లాసుకి మాత్రం వద్దు.

1956లో ఆయన జపాన్ కూడా వెళ్లొచ్చారు. జపాన్‌లో అప్పటికే 1920ల నుంచి యనాగి సోయెట్సు లాంటివాళ్లు 'మింగెయ్' అని, పేరు తెలియని పనివాళ్లు రోజువారీ వాడకానికి చేసిన వస్తువుల్లో ఉన్న అందం గురించి మాట్లాడుతున్నారు. రెండు ఆలోచనలూ దగ్గరివే. కానీ ఒక పెద్ద తేడా ఉంది. మింగెయ్ ముఖ్యంగా చేతిపని గురించి, ఫ్రాంక్ మాట్లాడుతున్నది లక్షల్లో తయారయ్యే ఫ్యాక్టరీ సరుకు గురించి. చేతిపనిలో పేరు లేకపోవడం అలవాటుగా వచ్చింది. ఫ్యాక్టరీలో పేరు లేకపోవడమంటే ఎవరో కూర్చుని తీసుకునే నిర్ణయం, దాని వెనక జీతాలూ లాభాలూ ఉంటాయి. చిక్కంతా ఇక్కడే ముడిపడింది.

కాదన్నవాళ్లు చెప్పింది

తోటి డిజైనర్లలో చాలామంది దీన్ని ఒప్పుకోలేదు, వాళ్ల మాటని తేలిగ్గా తీసేయలేం. డిజైనర్‌కి ఫ్యాక్టరీ ముందు బేరమాడే బలం పేరుతోనే వస్తుంది. పేరు లేకపోతే మనిషి మారినా ఫ్యాక్టరీకి నష్టం లేదు, డిజైన్ మాత్రం ఫ్యాక్టరీ దగ్గరే ఉండిపోతుంది. పైగా ఫ్రాంక్ వద్దన్నంత మాత్రాన ఆయన పేరు చెరిగిపోదు, అప్పటికే సంపాదించుకున్నారు. అప్పుడే పని మొదలుపెట్టిన పాతికేళ్ల అమ్మాయికి ఆ వెసులుబాటు ఎక్కడిది?

సారా హోపియాని తీసుకోండి. 1952లో నూతయార్వికి వచ్చి ఫ్రాంక్ దగ్గర పనిచేశారు. ఒకదాంట్లో ఒకటి పేర్చుకునే ఆమె రంగురంగుల గ్లాసులు చాలా పేరు పొందాయి. ఆ గ్లాసుల ఉపయోగం లెక్కలో చూడండి, ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పున్న గ్లాసులు ఆరు పక్కపక్కన పెడితే దాదాపు అర మీటరు అర నిండిపోతుంది, పేర్చితే ఒక గ్లాసు చోటులో ఆరూ నిలబడతాయి. ఫ్రాంక్ కోరుకున్న రకం ఆలోచనే ఇది, నూటికి నూరుపాళ్లు. పేర్లన్నీ తీసేసి ఉంటే, ఇది హోపియా పని అని ఇవాళ మనం చెప్పుకోగలిగేవాళ్లమా? ఆ ఫ్యాక్టరీ అంటే అందరికీ గుర్తొచ్చేది ఫ్రాంక్ కాబట్టి బహుశా ఆయన ఖాతాలోనే పడేది. పేరు లేకపోవడం అందరికీ సమానంగా పనిచేయదు, ఉన్నవాళ్ల నీడ ఇంకా పొడవవుతుంది. నాకు ఈ అభ్యంతరమే అన్నిటికన్నా బలమైనదిగా కనిపిస్తుంది.

మరోవైపు నుంచి చూస్తే, డిజైనర్ల హక్కు గురించి ఇంత మాట్లాడినవాళ్లు ఊదేవాళ్ల పేర్ల గురించి అంతగా మాట్లాడలేదు. వేల గ్లాసులు ఊదిన మనిషి పేరు ఏ చీటీ మీదా లేదు. ఫ్రాంక్ మొదటి మాట, ఒక్క పేరు నిజంలో కొంతే చెప్తుందన్నది, వాళ్ల విషయంలో ఇప్పటికీ నిలబడుతుంది.

మరి ఆ సంతకాలు ఏంటి

ఫ్రాంక్ గోబ్లెట్లు కొన్నిటిని తిరగేసి చూస్తే అడుగున వజ్రపు మొనతో గీకిన సన్నటి అక్షరాలు కనిపిస్తాయి. కాయ్ ఫ్రాంక్, నూతయార్వి, దాని స్వీడిష్ పేరు నోట్‌షో, కొన్నిటి మీద సంవత్సరం. పేరు వద్దన్న మనిషి సంతకం ఎలా పెట్టారు అని చాలామంది అడుగుతారు.

కళాఖండానికీ రోజువారీ సామానుకీ మధ్య ఆయన గీసిన గీత ఎక్కడుందో చూస్తే ఇందులో సగం చిక్కు వీడుతుంది. గోబ్లెట్ కొలిమి దగ్గర నిలబడి, కొద్ది సంఖ్యలో, ప్రతి ఒక్కటీ కొంచెం తేడాగా చేయించింది. అది ఆ రోజు జరిగిన పనికి గుర్తు. కార్టియో లాంటి గ్లాసు అలా కాదు, ఈ రోజుదైనా పదేళ్ల తర్వాతదైనా ఒకేలా ఉండాలి, అదే దాని గొప్ప. మిగతా సగం చిక్కు మాత్రం వీడదు. సంతకం ఉన్న గోబ్లెట్లు ఆయన పేరుని పెంచాయి, ఆ పేరు మళ్లీ సంతకం లేని గ్లాసుల్ని అమ్మింది. రెండిటి మధ్య గోడ కట్టడం ఆయన చేతుల్లో లేదు.

మూడు గ్లాసుల ఉదాహరణ

పాత సామాను అమ్మే చోట బల్ల మీద మూడు వస్తువులున్నాయనుకుందాం, మూడిటికీ "కాయ్ ఫ్రాంక్" అని చీటీ ఉంది.

మొదటిది సంతకం ఉన్న రెండు రంగుల గోబ్లెట్. ఇక్కడ ఆ పేరుకి అర్థం, ఆయన ఊహించి తన పర్యవేక్షణలో చేయించారని. ఊదింది మాత్రం వేరేవాళ్లు, ఫ్రాంక్ గాజు ఊదే మనిషి కాదు. రెండోది 1950ల నాటి రంగు గ్లాసు, అడుగున ఏమీ లేదు, కాగితం స్టిక్కర్ ఎప్పుడో ఊడిపోయింది. అది ఫ్రాంక్‌దని చెప్పాలంటే పాత క్యాటలాగుల్లో మోడల్ నంబరు, కొలత, రంగు సరిపోల్చుకోవాలి, ఒకే కొలిమి నుంచి ఒకే రంగులో వేరే డిజైనర్ల గ్లాసులు కూడా వచ్చాయి కాబట్టి రంగు ఒక్కటే చూసి చెప్పలేం. మూడోది కిందటి నెల తయారైన కార్టియో, పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఆయన పేరు. ఆయన 1989లోనే పోయారు. ఇక్కడ పేరుకి అర్థం, ఆకారం ఆయనది అని, అంతవరకే. గాజు, రంగు, తయారీ అన్నీ ఇవాళ్టివి.

ఒకే చీటీ, మూడు అర్థాలు. ధరల్లో తేడా, కొనేవాళ్ల గందరగోళం ఎక్కువగా దీనివల్లే.

చట్టం దీన్ని ఇంకోలా విడదీస్తుంది. ఐరోపాలో డిజైన్ రిజిస్టర్ చేయిస్తే ఎక్కువలో ఎక్కువ 25 ఏళ్లు రక్షణ. అదే వస్తువుని సొంత సృష్టిగా కోర్టు ఒప్పుకుంటే కాపీరైట్ వర్తిస్తుంది, చేసినవాళ్లు పోయాక 70 ఏళ్ల దాకా, అంటే ఫ్రాంక్ విషయంలో 2059 చివరి వరకు. నీళ్ల గ్లాసుల్లాంటి సాదా ఆకారాలకి అంత తేలిగ్గా ఒప్పుకోరు, పని కోసమే అలా ఉంది తప్ప అందులో స్వేచ్ఛగా ఎంచుకున్నది ఏముంది అని అడుగుతారు. ఇక ట్రేడ్‌మార్క్, అంటే పేరు మీద హక్కు, దీనికి గడువు లేదు, ఎప్పటికప్పుడు రెన్యూ చేసుకుంటూ పోవచ్చు. శంకువు ఆకారం ఎవరి సొంతమూ కాదు గానీ కార్టియో అన్న పేరుని కాపాడుకోవచ్చు. నంబరుతో పుట్టిన గ్లాసులకి తర్వాత పేర్లు ఎందుకు వచ్చాయో ఆలోచిస్తే, ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఆయన తర్వాత

ఫ్రాంక్ చివరిదాకా ఖరీదైన వస్తువుల వైపు వెళ్లలేదు. ఫినెల్ వాళ్లకి రంగు ఎనామెల్ గిన్నెలు గీశారు, 1979లో సార్విస్ కంపెనీకి ప్లాస్టిక్ సామాను గీశారు. ప్లాస్టిక్ అంటే చిన్నచూపు లేదు, జనం వాడుతున్నప్పుడు అది బాగుండాలి కదా అన్న ధోరణి. 1960లలో హెల్సింకిలో పాఠాలు చెప్పారు, ఆయన విద్యార్థులు చాలామంది తర్వాత పెద్ద డిజైనర్లయ్యారు. 1989 సెప్టెంబర్ 26న గ్రీస్‌లోని సాంటోరినిలో చనిపోయారు.

1992 నుంచి ఫిన్లాండ్ డిజైనర్లకి ఇచ్చే ఒక పెద్ద బహుమతికి ఆయన పేరే పెట్టారు, కాయ్ ఫ్రాంక్ డిజైన్ ప్రైజ్. మొదటిసారి అది అందుకున్నది ఒయివా తోయిక్కా. ఫ్రాంక్ పెద్దగా ఉన్నప్పుడే, 1963లో, నూతయార్వికి వచ్చి చేరిన మనిషి.

నూతయార్వి ఫ్యాక్టరీ 2014లో మూతబడింది, తయారీ ఈట్టాలా ఊళ్లోని ఫ్యాక్టరీకి మారింది. 2023 డిసెంబర్‌లో యునెస్కో చేత్తో గాజు తయారుచేసే పనితనాన్ని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఫిన్లాండ్, చెక్ రిపబ్లిక్, ఫ్రాన్స్, జర్మనీ, హంగరీ, స్పెయిన్, ఆరు దేశాలు కలిసి అడిగాయి. ఆ గుర్తింపు ఏ ఒక్క మనిషి పేరు మీదా లేదు, ఊదడం తెలిసినవాళ్లందరి పేరు మీదా ఉంది. పెద్ద ఫ్యాక్టరీ పోయినా నూతయార్విలో చిన్న చిన్న కొలిములు పెట్టుకుని గాజు ఊదుతున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.